ఫెయిరీ శృంగార నవలలపై పాఠకాభిప్రాయం: ఔచిత్యం, అశ్లీలం అనే రెండు ప్రశ్నల చరిత్ర

వ్యాససంగ్రహం:
ఆధునిక నగరాన్ని రంగస్థలంగా, ఫెయిరీలను పాత్రలుగా, శృంగారాన్ని కథాబలంగా చేసుకొన్న ఆంగ్ల నవలలు 1980ల నుంచి ఒక ప్రత్యేక శాఖగా ఎదిగాయి. వీటిపై పాఠకులు ప్రకటించిన అభిప్రాయాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లారెల్ కె. హామిల్టన్ రాసిన ‘ఎ కిస్ ఆఫ్ షాడోస్’ (2000), సారా జె. మాస్ నవలలు ప్రధాన ఆధారాలు. పుస్తకాన్ని ఆసాంతం చదివిన పాఠకులు శృంగారం కథకు తగినంతగా ఉందా అని అడిగారు. పుస్తకంపై ఫిర్యాదు చేసినవారు, ఆ ఫిర్యాదును విచారించిన సంస్థలు అది అశ్లీలమా కాదా అని అడిగాయి. మొదటిది ఔచిత్య ప్రశ్న, రెండవది చట్ట ప్రశ్న. ఈ రెండూ ఒకటి కావనీ, మొదటి ప్రశ్నను వినకుండా రెండవదానికి చెప్పే సమాధానం పఠనానికి చేటు చేస్తుందనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఫెయిరీ, నగర అద్భుత నవల, శృంగారం, పాఠకాభిప్రాయం, ఔచిత్యం, అశ్లీలం, సమ్మతి, హామిల్టన్, మాస్.

1. ఉపోద్ఘాతం:
సాహిత్య చరిత్ర చాలాకాలం కవుల చరిత్రగానో, కృతుల చరిత్రగానో సాగింది. పాఠకుణ్ణి చరిత్రలో భాగం చేయాలన్న వాదానికి హాన్స్ రాబర్ట్ యౌస్ 1967లో జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగం బలమైన పునాది వేసింది. ఒక కృతి వెలువడే నాటికి పాఠకుని మనసులో ఆ ప్రక్రియ గురించి కొన్ని నిరీక్షణలు ఉంటాయి. కృతి వాటిని తీరుస్తుంది, భంగపరుస్తుంది, లేదా మారుస్తుంది. ఆ మార్పుల క్రమమే సాహిత్య చరిత్ర అని యౌస్ ప్రతిపాదన సారాంశం. భారతీయ అలంకారశాస్త్రంలో సహృదయ భావన పాఠకునికి ఇంతకుముందే ఉన్నత స్థానం ఇచ్చింది. అయితే సహృదయుడు ఆదర్శ పాఠకుడు, యౌస్ చెప్పిన పాఠకుడు ఒకానొక కాలానికి చెందినవాడు.

జనాదరణ పొందిన నవలల విషయంలో ఈ రెండవ పాఠకుణ్ణి విమర్శ తరచు విస్మరించింది. ఫెయిరీ శృంగార నవల ఇందుకు మంచి ఉదాహరణ. గంభీర విమర్శ దీన్ని కాలక్షేప సాహిత్యంగా పక్కన పెట్టింది. నీతి దృష్టితో చూసినవారు నిషేధించదగినదిగా భావించారు. ఈ రెండు వైఖరుల మధ్య పాఠకులు తమలో తాము నడిపిన చర్చ నమోదు కాకుండా పోయింది. ఆ చర్చలో స్పష్టమైన విలువలు, తర్కం, కొన్నిచోట్ల కఠినమైన విమర్శ ఉన్నాయి.

2. ఫెయిరీ – పిల్లల కథల కంటే ముందు:
‘ఫెయిరీ’ అనే పదాన్ని తెలుగులో ‘దేవకన్య’గా అనువదించడం పిల్లల కథల వల్ల అలవాటైంది. ఐరిష్, స్కాటిష్ జానపద విశ్వాసాలలోని ఫెయిరీలకు ఈ మాట సరిపోదు. వారు గుట్టల కింద తమవైన రాజ్యాలలో ఉంటారు. మనుషులను ఆకర్షిస్తారు, ఎత్తుకుపోతారు, మాయతో కళ్లు కప్పుతారు. వారిచ్చిన ఆహారం తిన్నవారికి తిరుగుదారి ఉండదు. ఈ స్వభావానికి మన యక్ష, గంధర్వ కథలు కొంత దగ్గర. స్కాట్లాండులోని అబర్‌ఫాయిల్ చర్చి గురువు రాబర్ట్ కర్క్ 17వ శతాబ్దం చివర రాసిన గ్రంథంలో ఫెయిరీలు మానవులకూ దేవదూతలకూ మధ్యస్థ జీవులు. ఆ గ్రంథం 1815లో గాని అచ్చు కాలేదు. ‘టామ్ లిన్’ అనే స్కాటిష్ కథాగేయంలో జానెట్ అనే యువతి ఫెయిరీల చెరలోని యువకుని వల్ల గర్భవతి అవుతుంది. ఫెయిరీ రాణితో పోరాడి అతణ్ణి దక్కించుకొంటుంది. కామం, భయం, బేరం అనే మూడు పోగులూ ఈ కథలలో మొదటినుంచీ ఉన్నాయి. కాబట్టి నేటి నవలాకారులు ఫెయిరీ కథలోకి శృంగారాన్ని కొత్తగా చొప్పించారనడం చారిత్రకంగా సరికాదు.

ఒకే రచన ఇద్దరు పాఠకులకు రెండు విధాలుగా అందుతుందనడానికి క్రిస్టినా రోసెట్టి ‘గోబ్లిన్ మార్కెట్’ (1862) సాక్ష్యం. గోబ్లిన్లు అమ్మే పండ్లు తిని లారా క్షీణిస్తుంది. ఆమె సోదరి లిజ్జీ వారి దౌర్జన్యాన్ని ఓర్చుకొని, తన ముఖానికి అంటిన పండ్లరసంతోనే ఆమెను బతికిస్తుంది. ఈ కావ్యం 1933లో ఆర్థర్ రాక్‌హామ్ బొమ్మలతో అందమైన సంపుటిగా వచ్చింది. 1973లో ‘ప్లేబాయ్’ పత్రికలోనూ పునర్ముద్రణ పొందింది. కావ్యం అదే. దాన్ని ఎవరి ముందు, ఏ అలమరలో ఉంచారన్నదే మారింది. తరువాతి కాలపు వివాదాలన్నిటికీ ఇది బీజప్రాయమైన ఘటన.

3. నగర ప్రవేశం:
ఫెయిరీలను సమకాలీన నగరంలోకి తెచ్చిన తొలి నవలలలో ఎమ్మా బుల్ ‘వార్ ఫర్ ది ఓక్స్’ (1987) ముఖ్యమైనది. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో రాక్ సంగీత బృందం నడిపే ఎడ్డీ మెక్‌కాండ్రీని ఫెయిరీలు తమ యుద్ధంలోకి లాగుతారు. మర్త్యురాలైన ఆమె యుద్ధభూమిలో ఉంటేనే అమరులకు మరణం సంభవిస్తుంది. ఈ నవలకు ఉత్తమ తొలి నవలగా లోకస్ పురస్కారం లభించింది. ఇందులో ప్రేమ ఉంది, శారీరక సంబంధం కూడా ఉంది. అయితే కథను నడిపేవి సంగీతం, యుద్ధం.

ఈ నవల ఒక కొత్త నిరీక్షణను స్థిరపరచింది. పాఠకునికి తెలిసిన వీధులు, వంతెనలు, మద్యశాలలు అలాగే ఉంటాయి. వాటి వెనుక మరొక రాజ్యం ఉంటుంది. కథానాయిక రాజకుమారి కానక్కరలేదు. ఆమె తన సంపాదనపై తాను బతికే స్త్రీ. ఫెయిరీ లోకపు ఆకర్షణకు లోబడుతూనే ఆమె తన ఇచ్ఛను ఎలా నిలుపుకొంటుందన్నది ఈ శాఖకు కేంద్ర సమస్య అయింది.

4. ‘ఎ కిస్ ఆఫ్ షాడోస్’ – ఔచిత్య చర్చ:
లారెల్ కె. హామిల్టన్ అప్పటికే ‘గిల్టీ ప్లెజర్స్’ (1993)తో మొదలైన అనిటా బ్లేక్ నవలల ద్వారా ప్రసిద్ధురాలు. 2000లో వచ్చిన ‘ఎ కిస్ ఆఫ్ షాడోస్’తో ఆమె ఫెయిరీల వైపు తిరిగారు. మెరెడిత్ జెంట్రీ లాస్ ఏంజిల్స్‌లో ప్రైవేటు డిటెక్టివ్. నిజానికి ఆమె అన్‌సీలీ అనే ఫెయిరీ ఆస్థానపు రాకుమారి. ప్రాణభయంతో పారిపోయి మారుపేరుతో బతుకుతోంది. ఆ ఆస్థానంలో సంతానం దాదాపు ఆగిపోయింది. మెరెడిత్, ఆమె బంధువు సెల్ అనే ఇద్దరిలో ఎవరికి ముందు సంతానం కలిగితే వారికే సింహాసనమని రాణి ఆండైస్ నిర్ణయిస్తుంది.

ఈ షరతు నవల నిర్మాణానికి ఇరుసు. ఇక్కడ శృంగారం రాజనీతి, వంశరక్షణ, ప్రాణరక్షణ మూడింటితో ముడిపడి ఉంది. పడకగది దృశ్యం తీసివేస్తే వారసత్వ కథ నిలవదు. నవలను ఇష్టపడిన పాఠకుల ప్రధాన వాదం ఇదే. స్త్రీ కోరికను పాపంగానో బలహీనతగానో కాక అధికారానికి ఆధారంగా చూపడం వారికి నచ్చింది. భిన్నమైన శరీరాలు, సంకరజాతి ఫెయిరీలు, ఆస్థానం వెలివేసినవారు కూడా ప్రేమకు పాత్రులు కావడాన్ని వారు ప్రశంసించారు.

వ్యతిరేకాభిప్రాయం కూడా ఈ పాఠకులలోనే పుట్టింది. తొలి సంపుటాలలోని నేరపరిశోధన, ఆస్థాన కుట్రలు క్రమంగా పలచబడి, శృంగార దృశ్యాలు కథాగమనాన్ని ఆపుతున్నాయని వారు ఆక్షేపించారు. ఐదవ నవల ‘మిస్ట్రల్స్ కిస్’ (2006) విషయంలో ఈ ఆక్షేపణ బలపడింది. అనిటా బ్లేక్ నవలలపై, ముఖ్యంగా ‘నార్సిసస్ ఇన్ చెయిన్స్’ (2001) తరువాత, ఇదే అసంతృప్తి వినిపించింది. 2006లో హామిల్టన్ ప్రతికూల పాఠకులనుద్దేశించి బహిరంగంగా జవాబు రాశారు. నచ్చని పుస్తకాలను చదువుతూ కాలం వృథా చేసుకోవద్దన్నది ఆ జవాబు సారాంశం. పాఠకులకూ రచయిత్రికీ మధ్య ఆ చర్చ అప్పటికి ఎంత తీవ్రమైందో దీనివల్ల తెలుస్తుంది.

ఈ పాఠకులు చేసిన ఆక్షేపణ స్వరూపాన్ని జాగ్రత్తగా చూడాలి. శృంగారం ఉండకూడదని వారు అనలేదు. అది కథకు అంగంగా ఉండక కథను మింగివేసిందన్నారు. ఆలంకారిక పరిభాషలో ఇది అంగాంగి భావానికి సంబంధించిన విచారం. పార్వతీపరమేశ్వరుల సంభోగ వర్ణన గురించి ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఇటువంటి ప్రశ్ననే ఎదుర్కొన్నాడు. లోకానికి తల్లిదండ్రుల వంటివారి శృంగారాన్ని వర్ణించడం అనుచితం. అయినా మహాకవి ప్రతిభ ఆ దోషాన్ని మరుగుపరుస్తుందని అతని నిర్ణయం. అతడు కాళిదాసు కావ్యాన్ని దండించమనలేదు. వర్ణన తగిందా, తగకపోతే దాన్ని కవిశక్తి గెలిచిందా అని చూశాడు. మెరెడిత్ జెంట్రీ నవలల పాఠకులకు ఈ సిద్ధాంతంతో పరిచయం లేదు. కాని వారు వేసిన ప్రశ్న మాత్రం ఈ కోవకు చెందినదే. అనౌచిత్యాన్ని గుర్తించడానికి పుస్తకం మొత్తం చదవాలి. అంగి ఏదో తెలియనిదే అంగం హద్దు మీరిందని చెప్పడం కుదరదు.

5. సమ్మతి గురించిన చర్చ:
ఫెయిరీ నవలల పాఠకులు వేసిన మరొక గట్టి ప్రశ్న సమ్మతికి సంబంధించినది. మాయ అనేది ఫెయిరీల సహజశక్తి. మాయకు లోబడిన మనిషి ‘ఔను’ అంటే ఆ మాటకు విలువ ఎంత? జానపద గాథ ఈ ప్రశ్నను భయంగా మాత్రమే చూపింది. ఆధునిక పాఠకుడు దాన్ని నీతి ప్రశ్నగా మార్చాడు.

కరెన్ మేరీ మోనింగ్ డబ్లిన్ నగరం నేపథ్యంగా రాసిన నవలామాల ‘డార్క్‌ఫీవర్’ (2006)తో మొదలైంది. ఇందులోని కొందరు ఫెయిరీల ఆకర్షణే మనిషి ఇచ్ఛను చంపే ఆయుధం. మూడవ నవల ‘ఫేఫీవర్’ (2008) ముగింపులో కథానాయిక మాక్ ఘోరమైన అత్యాచారానికి గురవుతుంది. ఆ ఘట్టం కథకు అవసరమా, హింసను ఆకర్షణీయం చేస్తున్నదా అని పాఠకులు వాదించుకొన్నారు. సారా జె. మాస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ (2015)లో రైసాండ్ అనే ఫెయిరీ ప్రభువు కథానాయిక ఫేయ్రాకు మత్తుపానీయం తాగించి సభలో నాట్యం చేయిస్తాడు. రెండవ సంపుటి ‘ఎ కోర్ట్ ఆఫ్ మిస్ట్ అండ్ ఫ్యూరీ’ (2016) ఆ ప్రవర్తనకు ఒక కారణం చూపి అతణ్ణే నాయకుణ్ణి చేస్తుంది. తరువాత చెప్పిన కారణం ముందటి చర్యను సమర్థిస్తుందా అన్నది నేటికీ తెగని చర్చ. మొదటి సంపుటి నాయకుడు టామ్లిన్ ప్రేమ పేరిట ఫేయ్రాను ఇంట్లో బంధించడాన్ని ఆమె దృష్టినుంచి చూసిన పాఠకులకు, రెండవ సంపుటి ఒక నిర్బంధం నుంచి విముక్తి కథగా అనిపించింది. ఆ విముక్తి మరో శక్తిమంతుని నీడలోనే జరిగిందని ఇంకొందరు ఎత్తిచూపారు.

శృంగార నవల పాఠకులు వివేచన లేకుండా చదువుతారన్న అపవాదుకు ఈ చర్చలే సమాధానం. శృంగార దృశ్యం ఎంత బాహాటంగా ఉందన్నదానికంటే, అందులో స్త్రీ ఇచ్ఛకు చోటెంత అన్నదే వారికి ప్రధానమైంది.

6. ఏ వయసు పాఠకులకు?:
మాస్ నవలల చరిత్రలో వయసు ప్రశ్న ప్రత్యేకమైనది. 2015లో వీటిని బ్లూమ్స్‌బరీ సంస్థ కౌమార పాఠకుల వర్గంలో ప్రచురించింది. 2016లో ‘ఎ కోర్ట్ ఆఫ్ మిస్ట్ అండ్ ఫ్యూరీ’ గుడ్‌రీడ్స్ పాఠకుల ఓటుతో కౌమార అద్భుత సాహిత్య విభాగంలో బహుమతి పొందింది. ఇందులోని శృంగార ఘట్టాలు ఆ వర్గానికి తగినవేనా అన్న సందేహం పాఠకులలో అప్పటినుంచే ఉంది. 2020లో ఆ నవలలు కొత్త ముఖచిత్రాలతో వయోజనుల వర్గానికి మారాయి. అదే సంవత్సరం మార్చిలో మాస్ వయోజనుల కోసమే రాసిన ‘హౌస్ ఆఫ్ ఎర్త్ అండ్ బ్లడ్’ వెలువడింది. ఫోన్లు, నృత్యశాలలు ఉన్న ఆధునిక నగరంలో అర్ధఫెయిరీ యువతి బ్రైస్ క్విన్లన్ తన స్నేహితురాలి హంతకులను వెదికే కథ ఇది. 2021లో ‘ఎ కోర్ట్ ఆఫ్ సిల్వర్ ఫ్లేమ్స్’ వయోజనుల అద్భుత సాహిత్య విభాగంలో పాఠకుల ఓటు గెలిచింది. ఒకే నవలామాల ఐదేళ్ల వ్యవధిలో రెండు వేర్వేరు వయోవర్గాలలో పాఠకాదరణ పొందిందన్నమాట.

ఈ సందర్భంలో తల్లిదండ్రుల ఆందోళనను తేలిగ్గా కొట్టివేయరాదు. పదమూడేళ్ల పిల్లలకు ఒక పుస్తకం తగునా అన్న ప్రశ్న న్యాయమైనది. అది కూడా ఔచిత్య ప్రశ్నే. పాఠకులూ అదే ప్రశ్న అడిగారు. దానికి పుస్తకాన్ని మరో అలమరలోకి మార్చడం ఒక సమాధానం. వివాదాలు న్యాయస్థానానికి చేరకముందే ఆ సమాధానం అమలైంది.

7. సమగ్ర పఠనం – ఖండ పఠనం:
2022లో వర్జీనియా రాష్ట్రంలోని వర్జీనియా బీచ్‌లో ‘ఎ కోర్ట్ ఆఫ్ మిస్ట్ అండ్ ఫ్యూరీ’, మాయా కొబాబే చిత్రకథ ‘జెండర్ క్వీర్’ అశ్లీల గ్రంథాలని ప్రకటించాలంటూ న్యాయస్థానంలో పిటిషన్లు దాఖలయ్యాయి. ఆగస్టు 30న న్యాయస్థానం వాటిని కొట్టివేసింది. పిటిషన్లకు ఆధారమైన చట్టనిబంధన రాజ్యాంగ విరుద్ధమని కూడా ప్రకటించింది. ఆ ఏడాది అమెరికా గ్రంథాలయ సంఘం వెల్లడించిన, అత్యధిక అభ్యంతరాలు ఎదుర్కొన్న 13 పుస్తకాల జాబితాలో ఈ నవల ఉంది. 2024 ఆగస్టులో యూటా రాష్ట్రం ప్రభుత్వ పాఠశాలలన్నిటి నుంచి తొలగించవలసిన 13 పుస్తకాల తొలి జాబితాను విడుదల చేసింది. వాటిలో ఆరు మాస్ రచనలు. మార్గరెట్ ఆట్‌వుడ్, జూడీ బ్లూమ్, రూపీ కౌర్ రచనలూ అందులో ఉన్నాయి. కొన్ని లైంగిక వర్ణనలు ఉన్నాయని తేలితే చాలు, పుస్తకం మొత్తం విలువను తూచనక్కరలేదన్నది అక్కడి చట్టంలోని ఒక వర్గీకరణ స్వభావం.

ఖండ పఠనానికి దీర్ఘ చరిత్ర ఉంది. ఇంగ్లండులో 1868 నాటి హిక్లిన్ తీర్పు, చెడు ప్రభావానికి లోనయ్యే మనసులను పాడుచేసే స్వభావం ఉందా అన్న కొలబద్దను పెట్టింది. దీనివల్ల విడి భాగాలను బట్టి పుస్తకాన్ని దోషిగా నిలపడం సాధ్యమైంది. 1933లో న్యూయార్క్ న్యాయస్థానం జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ను సమగ్రంగా చదివి నిర్దోషిగా తేల్చింది. 1973 మిల్లర్ తీర్పు సమగ్ర పఠనాన్ని అమెరికా చట్టంలో స్థిరపరచింది. హిక్లిన్ కొలబద్ద వలస పాలనతో భారతదేశానికీ వచ్చింది. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో సుప్రీంకోర్టు దాన్నే అనుసరించింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో విడిచిపెట్టింది.

తెలుగు సాహిత్యానికి ఈ వలస కాలపు దృష్టితో ప్రత్యక్ష అనుభవం ఉంది. ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ అసభ్య వర్ణనలతో నిండినదని కందుకూరి వీరేశలింగం నిరసించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి ప్రచురించారు. శృంగారం దోషమైతే పురుష కవుల ప్రబంధాలకు ఆ దోషం ఎందుకు అంటలేదని ఆమె ప్రశ్నించారు. మరుసటి ఏడు ప్రభుత్వం చర్యకు పూనుకొంది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ కావ్యానికి విముక్తి కలగలేదు. నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని ఆసాంతం చదివిన పాఠకురాలు. ఆమె అభిప్రాయానికి మూడు దశాబ్దాలకు పైగా విలువ లేకుండా పోయింది.

రాధికాసాంత్వనానికీ, మాస్ నవలలకూ కావ్యస్థాయిలో సామ్యం చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. సామ్యం తీర్పు పద్ధతిలో ఉంది. రెండుచోట్లా స్త్రీ రాసిన శృంగారాన్ని కథనుంచి విడదీసి చూపారు. రెండుచోట్లా మొత్తం చదివినవారి మాట చివరికి గాని చెవిన పడలేదు.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ఫెయిరీ కథకూ కామానికీ ఉన్న సంబంధం ఆధునిక నవలాకారుల కల్పన కాదు. అది జానపద మూలాలలోనే ఉంది.

2. నగర ఫెయిరీ నవలను తీవ్రంగా విమర్శించినవారిలో దాని అభిమానులే ముందున్నారు. శృంగారం కథకు అంగంగా ఉందా, కథను మించిందా అన్నది వారి గీటురాయి.

3. సమ్మతి, అధికారం, నిర్బంధం వంటి నైతిక ప్రశ్నలను ఈ పాఠకులు నిషేధవాదులకంటే సూక్ష్మంగా చర్చించారు.

4. ఔచిత్య ప్రశ్నకు సమాధానాలు అనేకం. విమర్శించడం, అలమర మార్చడం, చదవడం మానడం అందులోనివే. అశ్లీల ప్రశ్నకు ఉంచడం, తొలగించడం అనే రెండే సమాధానాలు ఉన్నాయి.

5. ఖండ పఠనం రెండవ ప్రశ్నకు మాత్రమే ఉపకరిస్తుంది. మొదటి ప్రశ్నకు సమగ్ర పఠనం తప్పనిసరి.

ఒక నవల బాగుందో లేదో చెప్పే హక్కు పాఠకునికి ఉంది. అది అతిగా ఉందనీ, అనుచితంగా ఉందనీ చెప్పే హక్కు కూడా ఉంది. చదివిన తరువాతనే ఆ హక్కు సార్థకమవుతుంది. పాఠశాల గ్రంథాలయం నుంచి పుస్తకం తొలగిపోయినప్పుడు, అందులోని శృంగారం తగినదా కాదా అని వాదించగల పాఠకుడు కూడా ఆ అలమర ముందునుంచి తొలగిపోతున్నాడు.